ఆర్జేసీ ఎంట్రన్సులో ఆ యాభై ఇంగ్లీషు మార్కులు

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ముగిసీ ముగియగానే మా పల్నాడు పల్లెల్లో కార్పొరేట్ జూనియర్ కళాశాలల పీఆర్వోలు ఫీజు రాయితీ కాగితాలు పట్టుకుని ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. ఆ ఫీజులు కట్టలేని వాళ్లూ, కట్టగలిగినా పిల్లలను అంత ఒత్తిడిలోకి నెట్టడం ఇష్టంలేని వాళ్లూ ఆశ పెట్టుకునేది ఏపీఆర్జేసీ సెట్ మీద, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ గురుకుల జూనియర్ కళాశాలల్లో ఇంటర్ సీటు కోసం రాసే ప్రవేశపరీక్ష మీద. నాగార్జునసాగర్ గురుకుల కళాశాల మాకు దగ్గర్లోనే ఉండటంతో ఈ పరీక్ష పేరు ఇక్కడ తెలియని ఇల్లు ఉండదు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించే నాకు ఏప్రిల్ నెలంతా ఈ పరీక్షకు కూర్చునే పిల్లలతోనే గడిచిపోతుంది. వాళ్లతో ఏటా చెప్పే మాటలను ఈసారి ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా పరీక్ష స్వరూపం గురించి చెప్పాలి. మొత్తం నూట యాభై మార్కులు, నూట యాభై బిట్లు, రెండున్నర గంటల సమయం. ఎంపీసీకి ఇంగ్లీషు, గణితం, భౌతిక రసాయన శాస్త్రాలు. బైపీసీకి గణితం బదులు జీవశాస్త్రం. ఎంఈసీకి ఇంగ్లీషు, గణితం, సాంఘికశాస్త్రం ఉంటాయి. ఒక్కో సబ్జెక్టుకు యాభై మార్కులు. తెలంగాణలో జరిగే ఆర్జేసీ సెట్ కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది కాబట్టి అక్కడి పిల్లలకు కూడా ఇందులోని మాటలు చాలావరకు వర్తిస్తాయి. గ్రూపు ఏదైనా మారనిది ఇంగ్లీషు ఒక్కటే. అయినా ఏ ఊళ్లో చూసినా, ఈ పరీక్ష కోసం ట్యూషన్ పెట్టించే తల్లిదండ్రులు లెక్కలకూ సైన్సుకూ పెట్టిస్తారు తప్ప, మూడింట ఒక వంతు మార్కులున్న ఇంగ్లీషును పిల్లల అదృష్టానికి వదిలేస్తారు.

ఇలా వదిలేయడానికి ఒక కారణం ఉంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చే పిల్లలకు ఎంట్రన్సులోనూ వస్తాయనే నమ్మకం అందరిలో ఉంది. ఆ పబ్లిక్ పరీక్షలో ఉత్తరం, డైరీ, సంభాషణ, వార్తా నివేదిక, ఒక వ్యక్తి జీవిత పరిచయం రాయమంటారు. చదవగా చదవగా ఒక నమూనా నోటికి వచ్చేస్తుంది. తేదీ, సంబోధన, ముగింపు సరిగ్గా పెట్టి, మధ్యలో ఇచ్చిన సూచనలను వాక్యాలుగా కూర్చితే దిద్దేవాళ్లు ఉదారంగానే మార్కులు వేస్తారు. ఎంట్రన్సులో ఆ ఉదారతకు చోటు లేదు. నాలుగు ఐచ్ఛికాలలో ఒకటే సరైనది, తక్కిన మూడింటినీ మన పిల్లలు ఎక్కడ తడబడతారో తెలిసిన మనుషులే అక్కడ కూర్చోబెట్టి ఉంటారు. పబ్లిక్ పరీక్షలో తొంభై దాటిన పిల్లలు మొదటి మోడల్ పేపరులో యాభైకి ఇరవై రెండు తెచ్చుకుని బిక్కమొహం వేయడం నేను చాలాసార్లు చూశాను.

ఆ తడబాటు ఎక్కడ వస్తుందో ఒక బిట్టు చూస్తే తెలుస్తుంది. 'షి డాష్ హియర్ సిన్స్ 2019' అని ఇచ్చి, ఖాళీలో పెట్టడానికి 'ఈజ్ వర్కింగ్', 'వర్క్స్', 'హ్యాజ్ బీన్ వర్కింగ్', 'వజ్ వర్కింగ్' అని నాలుగు ఐచ్ఛికాలు ఇస్తారు. తరగతిలో చురుకైన పిల్లలు కూడా ఎక్కువమంది 'ఈజ్ వర్కింగ్' దగ్గర బబుల్ దిద్దుతారు. టెన్సుల పట్టిక అప్పజెప్పమంటే ఇదే పిల్లలు పన్నెండింటినీ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. మరి ఎందుకు తప్పారని నెమ్మదిగా అడిగితే ఒక అమ్మాయి చక్కగా చెప్పింది: "సార్, 2019 నుంచి ఇక్కడ పనిచేస్తోంది అనే కదా అంటాం?" నిజమే, తెలుగులో గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి వర్తమాన క్రియే చాలు. ఇంగ్లీషులో దానికి విడిగా ఒక రూపం ఉంది. ఆ అమ్మాయికి వ్యాకరణ సూత్రం తెలుసు, వాక్యం అర్థమూ తెలుసు. జవాబు గుర్తించే క్షణంలో మాత్రం సూత్రాన్ని పక్కకు నెట్టి ఇంటిభాష ముందుకు వచ్చింది.

ఎంట్రన్సు ఇంగ్లీషులో పోయే మార్కులలో పెద్దభాగం ఇటువంటివేనని నా అభిప్రాయం. అందుకే నేను పిల్లల చేత తప్పుల పుస్తకం ఒకటి పెట్టిస్తాను. అందులో తప్పిన బిట్టు, సరైన జవాబు రాసుకోవడం అందరూ చేసేదే, దానివల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. తాను తప్పు జవాబు ఎందుకు ఎంచుకున్నదీ తెలుగులో ఒక్క వాక్యంగా రాయాలన్నది నా షరతు. మొదట్లో 'తొందరలో పెట్టాను', 'మర్చిపోయాను' అని రాసుకొస్తారు. అవి ఒప్పుకోనని చెప్పి మళ్లీ రాయిస్తే, వారం తిరిగేసరికి అసలు కారణాలు బయటపడతాయి. పుస్తకంలో సగం పేజీల మీద 'తెలుగులో ఇలాగే అంటాం' అనే మాటే కనబడుతుంది. ఆ మాట ఏ అంశాల దగ్గర పదే పదే వస్తోందో చూసుకుంటే ఆ విద్యార్థి చదవవలసిన సిలబస్ అక్కడ తయారైపోయినట్లే.

అటువంటి అంశాలలో కొన్ని దాదాపు అందరికీ ఉమ్మడిగా ఉంటాయి కాబట్టి వివరంగా చెబుతాను. మొదటిది 'సిన్స్', 'ఫర్'. తెలుగులో 'సోమవారం నుంచి' అన్నా, 'మూడేళ్ల నుంచి' అన్నా ఒకటే 'నుంచి'. ఇంగ్లీషులో పని మొదలైన సమయబిందువు చెబితే 'సిన్స్', గడిచిన కాలం నిడివి చెబితే 'ఫర్'. పేపరు తయారుచేసేవాళ్లు కావాలనే 'త్రీ ఇయర్స్' ముందు ఖాళీ వదిలి, మొదటి ఐచ్ఛికంగా 'సిన్స్' ఇస్తారు.

రెండోది క్వశ్చన్ ట్యాగులు. మనకు 'కదా' ఒక్కటి చాలు. వచ్చాడు కదా, రాలేదు కదా, వెళదాం కదా, అన్నిటికీ అదే. ఇంగ్లీషులో ట్యాగు వాక్యంలోని సహాయక క్రియను బట్టీ, కర్తను బట్టీ మారుతుంది; వాక్యం అవునంటే ట్యాగు కాదంటుంది, వాక్యం కాదంటే అవునంటుంది. ఇంతవరకు పిల్లలకు తెలుసు. 'లెట్స్ గో' తరువాత 'షల్ వి' రావడం, 'ఐ యామ్ లేట్' తరువాత 'ఆరెంట్ ఐ' రావడం, 'ఎవ్రీవన్' ఏకవచనమైనా ట్యాగులో 'దే' రావడం వంటివి నాలుగైదు ఉన్నాయి, అవి కంఠతా పట్టవలసినవే. 'హార్డ్లీ', 'సెల్డమ్', 'ఫ్యూ' అనే మాటలున్న వాక్యంలో పైకి 'నాట్' కనబడకపోయినా అది వ్యతిరేక వాక్యమే కనుక దాని ట్యాగులో 'నాట్' ఉండదు. 'హి హార్డ్లీ స్పీక్స్, డజ్ హి?' అన్నది సరైన రూపం. పేపరులో ట్యాగుల మీద బిట్టు వచ్చినప్పుడు ఇటువంటి చోట చూపు నిలిపితే మార్కు చేజారదు.

ఇక డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ సంగతి. ఇతరుల మాటను తిరిగి చెప్పడానికి తెలుగుకు 'అని' ఉంది. 'రేపు వస్తానని రవి చెప్పాడు' అంటాం. ఇందులో రవి అన్న మాట దాదాపు అన్నట్టే నిలిచిపోయింది: 'వస్తాను' అనే ఉత్తమపురుష క్రియ మారలేదు, కాలం మారలేదు, 'రేపు' కూడా మారలేదు. ఇంగ్లీషులో ఈ మూడూ మారాలి: 'ఐ' కాస్తా 'హి' అవుతుంది, 'విల్' పోయి 'వుడ్' వస్తుంది, 'టుమారో' పోయి 'ది నెక్స్ట్ డే' వస్తుంది. పిల్లలు సర్వనామం మార్చి కాలం మరచిపోతారు, లేదా రెండూ మార్చి 'టుమారో'ను అలాగే వదిలేస్తారు. అందుకే ఇటువంటి బిట్టులో నాలుగు ఐచ్ఛికాలను మొదటినుంచి చివరిదాకా చదివే బదులు, ముందుగా కాలసూచక పదాన్ని మాత్రం చూడమంటాను. 'టుమారో' మారకుండా ఉన్నవాటిని అక్కడికక్కడ కొట్టేస్తే సాధారణంగా రెండే మిగులుతాయి. అయితే ఇచ్చిన వాక్యంలో 'సేస్' అని వర్తమానంలో ఉంటే కాలం మారదు, ఎప్పటికీ నిజమైన విషయం చెప్పినప్పుడు కూడా మార్చనక్కరలేదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని టీచరు చెప్పినట్టుండే వాక్యం ఈ సందర్భానికి ప్రతి గైడులోనూ కనిపిస్తుంది.

ఆర్టికల్స్ విషయంలో తెలుగు మనకు సాయం చేయదు, ఎందుకంటే 'ది' అనే దానికి సమానమైనది మన దగ్గర లేనే లేదు. కాబట్టి ఇక్కడ చెవిని నమ్ముకోవాలి. 'ఎ', 'యాన్' తేడా రాసే అక్షరాన్ని బట్టి కాక పలికే శబ్దాన్ని బట్టి వస్తుందని చెప్పి ఊరుకుంటే పిల్లలకు పట్టదు. వాళ్ల చేత బయటికి పలికించాలి. 'అవర్' అని పలికితే ముందు వినబడేది అచ్చు, హెచ్ నోరు మెదపదు. అందుకని 'యాన్ అవర్'. 'యూనివర్సిటీ' రాతలో యూ అనే అచ్చక్షరంతో మొదలైనా పలుకులో ముందు వచ్చేది 'య'. అందుకని 'ఎ యూనివర్సిటీ'. 'ఎమ్మెల్యే' అనగానే 'ఎ' వినబడుతుంది కాబట్టి 'యాన్ ఎమ్మెల్యే'. 'వన్ రూపీ కాయిన్' ముందు 'ఎ' వస్తుంది. ఈ నాలుగూ గట్టిగా పలికిన తరగతికి ఐదోది చెప్పనక్కరలేదు.

వాయిస్, డిగ్రీస్, 'టూ టు' వాక్యాలు, 'నో సూనర్' తరువాత 'దాన్' రావడం, 'హార్డ్లీ' తరువాత 'వెన్' రావడం వంటివి సూత్రం తెలిస్తే చాలు, సాధన చేస్తే రెండు మూడు రోజుల్లో పట్టుబడతాయి. వాటి మీద వారాలు ఖర్చు చేయవద్దు. స్పెల్లింగు బిట్ల కోసం ఐదారు వందల పదాల జాబితాలు బట్టీ పట్టించే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. తెలుగు లిపిలో పలికినదే రాస్తాం, ఇంగ్లీషులో అలా కుదరదు గనుక మన పిల్లలు తప్పేది ముఖ్యంగా జంట అక్షరాల దగ్గర, స్పష్టంగా వినబడని అచ్చుల దగ్గర. 'అకామడేషన్'లో రెండు సీలు, రెండు ఎమ్‌లు ఉంటాయి. 'అకేషన్'లో సీలు రెండు, ఎస్ ఒకటే. 'సెపరేట్'లో పీ తరువాత వచ్చేది ఈ కాదు, ఏ. ఇటువంటి పదాలు తాను చదివిన పాఠాల్లోంచే ఏరి చేత్తో రాసుకుంటే గుర్తుంటాయి. గైడు అట్ట మీద 'నూటికి నూరు శాతం బిట్లు ఇందులోనివే' అని అచ్చువేసే ప్రచురణకర్తలు ఏటా ఆ మాటే ఎలా వేయగలుగుతారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ప్యాసేజి గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన పిల్లలు ప్యాసేజిని తెలుగులోకి మార్చుకుంటూ చదువుతారు. ప్రతి మాటకూ అర్థం తెలియకపోతే ముందుకు కదలరు. రెండో వాక్యంలో తెలియని మాట ఒకటి ఎదురైతే అక్కడే రెండు నిమిషాలు ఆగిపోతారు. ఒకసారి ఆగకుండా చివరిదాకా చదివి, విషయం దేని గురించో పట్టుకుని, ఆ తరువాత ప్రశ్నలు చూసి, ఒక్కో జవాబుకు ఆధారమైన వాక్యాన్ని వేలితో చూపమంటాను. వేలు పెట్టలేని జవాబును ఒప్పుకోను. ఉదాహరణకు, ఒక ఊరివాళ్లు చెరువులో పూడిక తీసుకున్న తరువాత బావుల్లో నీళ్లు పెరిగాయని ప్యాసేజిలో ఉందనుకుందాం. బావుల్లో నీళ్లు పెరగడానికి కారణమేమిటని అడిగి, 'చెట్లు నాటడం వల్ల' అని ఒక ఐచ్ఛికం ఇస్తారు. చెట్లు నాటితే మేలు జరుగుతుందని పాఠశాలలో అన్ని సబ్జెక్టుల్లోనూ చెబుతాం గనుక పిల్లలు మంచిమాటే కదా అని దాన్ని పట్టుకుంటారు. లోకంలో నిజమైనా ప్యాసేజిలో లేనిది జవాబు కాదు. ఇంకో ఐచ్ఛికంలో ప్యాసేజిలోని మాటలే యథాతథంగా ఉంటాయి, భావం మాత్రం తలకిందులుగా ఉంటుంది. తెలిసిన మాటలు కనబడగానే దిద్దేసేవాళ్లు అక్కడ చిక్కుకుంటారు.

ఈ నైపుణ్యం నెల రోజుల్లో పూర్తిగా రాదు, తొమ్మిదో తరగతి నుంచే అలవాటు చేయాలి. ఆ వయసులో ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం చదవమనడం అన్యాయం. పిల్లలు రెండో రోజే మానేస్తారు. క్రీడల పేజీలో ముందురోజు టీవీలో చూసిన క్రికెట్ మ్యాచ్ వార్త చదవమనండి. ఏం జరిగిందో ముందే తెలుసు కాబట్టి తెలియని మాటల అర్థం సందర్భాన్ని బట్టి తేలిపోతుంది. క్రికెట్ పట్టని పిల్లలకు సినిమా వార్తలు ఇవ్వండి, తప్పేం లేదు. ప్యాసేజి చదవడం రావాలి, విషయం గంభీరంగా ఉండనక్కరలేదు.

సమయం విషయంలో మాత్రం ఇంగ్లీషు ఇచ్చే లాభం మరే సబ్జెక్టూ ఇవ్వదు. నూట యాభై బిట్లకు నూట యాభై నిమిషాలంటే సగటున బిట్టుకు నిమిషం. లెక్కల్లో ఒక్కో బిట్టుకు నిమిషం ఎక్కడ సరిపోతుంది? ఇంగ్లీషులో ఆర్టికల్, ప్రిపొజిషన్, ట్యాగు బిట్లు తెలిస్తే పది పదిహేను సెకన్లలో అయిపోతాయి, తెలియకపోతే ఎంతసేపు చూసినా తెలియవు. యాభై బిట్లనూ ముప్పై అయిదు నిమిషాల్లో ముగించగలిగిన విద్యార్థికి తక్కిన వందకు నూట పదిహేను నిమిషాలు మిగులుతాయి. లెక్కలు బలంగా ఉన్నా వేగం లేని పిల్లలకు ఇంగ్లీషు బాగా నేర్పడమే లెక్కల మార్కులు పెంచే ఉపాయమని తల్లిదండ్రులతో అంటే మొదట విచిత్రంగా చూస్తారు. మోడల్ పేపరు గడియారం పెట్టి రాయించి చూపిస్తే నమ్ముతారు.

పబ్లిక్ పరీక్షలకూ ఎంట్రన్సుకూ మధ్య సాధారణంగా ఒక నెల అటూ ఇటూగా దొరుకుతుంది. ఆ నెలలో కొత్త గైడ్లు కొనవద్దు. పాత పేపర్లు సంపాదించి, అసలు పరీక్ష జరిగే వేళకే, అదే రెండున్నర గంటలు కూర్చుని, ఓఎమ్మార్ షీటు మీదే బబుల్స్ దిద్దుతూ రాయాలి. జవాబులు ప్రశ్నపత్రం మీద టిక్కు పెట్టుకుని చివరి పది నిమిషాల్లో ఓఎమ్మార్ మీదికి ఎక్కిద్దామనుకునే అలవాటు ప్రమాదకరం. ఒక వరుస జారితే ఆ తరువాతవన్నీ తప్పుతాయి. పేపరు రాసిన సాయంత్రం దాన్ని దిద్దుకోవాలి, మర్నాడు మరో పేపరు రాయకుండా తప్పుల పుస్తకం మీద కూర్చోవాలి. రోజుకో పేపరు చొప్పున కుప్పతెప్పలుగా రాసి, మార్కులు లెక్కపెట్టుకుని, అవే తప్పులు మళ్లీ మళ్లీ చేస్తూ పోయే పిల్లల కన్నా, రోజు విడిచి రోజు రాసి ప్రతి తప్పుకూ కారణం వెదుక్కునే పిల్లలు చివరికి ముందుంటారని నా అనుభవం.

ఇంగ్లీషుకు ఈ పరీక్షలో ఇంత పెద్ద వాటా ఎందుకని కొందరు తల్లిదండ్రులు కోపంగానే అడుగుతారు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల ప్రయోగం పల్లెటూరి పేద పిల్లల కోసం వచ్చిందనీ, అటువంటి కళాశాలల తలుపు దగ్గర ఇంగ్లీషును కాపలా పెట్టడం న్యాయం కాదనీ వారి వాదన. అందులో నిజం లేదనలేను. ప్రశ్నపత్రంలో కష్టమైన బిట్లు ఇచ్చేవాళ్లు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలను దృష్టిలో పెట్టుకోవాలని నేనూ కోరుకుంటాను. అయితే లోపలికి అడుగుపెట్టిన తరువాత ఫిజిక్సు, కెమిస్ట్రీ, మేథ్స్ అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. పదో తరగతి దాకా 'త్వరణం' అని చదువుకున్న పిల్లవాడికి అది ఇక మీదట 'యాక్సిలరేషన్'గా, పేజీ నిండా ఇంగ్లీషు వాక్యాల మధ్య కనబడుతుంది. మొదటి మూడు నెలల్లో అది తట్టుకోలేక తిరిగి ఊరికి వచ్చేసిన పిల్లలున్నారు; మార్కులు లేక కాదు, పాఠం వినబడుతున్నా అందక.

అందుకని పరీక్ష రాసి వచ్చిన రోజు నుంచి, ఫలితాల కోసం రోజూ ఫోను చూసుకుంటూ కూర్చునే బదులు, ఊళ్లో ఇంటర్ పూర్తిచేసిన వాళ్ల దగ్గర మొదటి సంవత్సరం ఫిజిక్సు పుస్తకం ఇంగ్లీషుది అడిగి తెచ్చుకోండి. కొలతలూ ప్రమాణాల పాఠం తీసి, రోజుకు ఒకటి రెండు పేజీల చొప్పున, పక్కన పదో తరగతి తెలుగు పుస్తకం పెట్టుకుని చదవండి. బైపీసీకి వెళ్లేవాళ్లు బోటనీతో ఇదే పని చేయవచ్చు. తెలియని మాటలను నోటుబుక్కులో మూడు వరుసలుగా రాయండి: ఇంగ్లీషు పదం, తెలుగు పదం, ఆ పదంతో సొంతంగా రాసిన ఒక ఇంగ్లీషు వాక్యం. సీటు ఏ కళాశాలలో వచ్చినా, రాకపోయినా, జూన్‌లో తరగతులు మొదలయ్యే నాటికి ఆ నోటుబుక్కు మీ పెట్టెలో ఉండాలి.